శిశువికాసంపై తల్లిదండ్రుల ఆందోళన – నర్సింగ్ స్పందనల చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బిడ్డ ఇంకా నడవడం లేదని, మాటలు రాలేదని, పిలిస్తే తిరిగి చూడడం లేదని తల్లి చెప్పినప్పుడు ఆ మాటను నర్సు ఏ విధంగా స్వీకరించాలి? ఈ ప్రశ్నకు నర్సింగ్ వృత్తి అన్ని కాలాల్లోనూ ఒకే సమాధానం ఇవ్వలేదు. తల్లి ఆందోళనను మొదట అజ్ఞానంగా, తరువాత కొలతకు అడ్డువచ్చే విషయంగా, చాలా ఆలస్యంగా ఒక సాక్ష్యంగా గుర్తించిన క్రమాన్ని బ్రిటన్, అమెరికా, భారతదేశాల అనుభవాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మన దేశంలో పట్టిక, గృహసందర్శన రెండూ ఏర్పడినా, తల్లి ఆందోళనను అడిగి తెలుసుకోవడం నర్సు విధిగా స్థిరపడలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: శిశువికాసం, నర్సింగ్ చరిత్ర, ఆరోగ్య సందర్శకులు, ఎ.ఎన్.ఎం., వికాస పరీక్షలు, తల్లిదండ్రుల ఆందోళన.

1. ఉపోద్ఘాతం

తెలుగు ఇళ్ళల్లో బిడ్డ ఎదుగుదలకు పిండివంటలతో ముడిపడిన ఒక లెక్క ఉంది. బిడ్డ బోర్లాపడినప్పుడు బొబ్బట్లు, అడుగులు వేసినప్పుడు అరిసెలు, పలుకులు మొదలైనప్పుడు పంచదార చిలకలు ఇరుగుపొరుగులకు పంచడం పాతతరం వారికి బాగా తెలిసిన ఆచారం. శిశువైద్యులు ‘వికాసపు మైలురాళ్ళు’ అని పేరు పెట్టిన దశలనే మన ఇల్లాళ్ళు పళ్ళేల్లో పెట్టి పంచారు. అయితే ఈ లెక్కలో వరుస ఉంది గాని గడువు లేదు. ఏ నెలకు అరిసెలు వండాలో ఎవరూ నిర్ణయించలేదు. ఎదురింటి బిడ్డ అరిసెలు వచ్చి వెళ్ళిపోయాక, మన ఇంట్లో పాకం పట్టే రోజు ఇంకా రాకపోతే అక్కడ ఆందోళన మొదలవుతుంది.

ఆ ఆందోళనకు ఇంట్లోనే కొన్ని సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. మగపిల్లలకు మాట ఆలస్యమని అమ్మమ్మ అంటుంది. వాళ్ళ నాన్నకూ మూడేళ్ళ దాకా మాటలు రాలేదని నాయనమ్మ గుర్తుచేస్తుంది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. ఎక్కువగా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అనడం ఈ నమ్మకం భాషలో మిగిల్చిన గుర్తు. ఈ సమాధానాలు తేలిగ్గా కొట్టివేయదగినవి కావు. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది తరువాత తోటివారిని అందుకుంటారు కనుక అమ్మమ్మ చెప్పిన మాట తరచుగా నిజమవుతుంది. నిజం కాని ఆ కొద్దిమంది పిల్లల విషయంలోనే సమస్య ఉంది. వినికిడి లేని బిడ్డకు, కండరాల బిగువు వల్ల నడక రాని బిడ్డకు, ఆటిజం ఉన్న బిడ్డకు ఎదురుచూపులో గడిచిన సంవత్సరం తిరిగి రాదు.

ఇంటి సమాధానాలతో తృప్తిపడని తల్లి బయట మొదట కలిసే వ్యక్తి చాలాసార్లు డాక్టరు కాదు, నర్సు. ఇంగ్లండులో ఆమె హెల్త్ విజిటరు, న్యూజిలాండులో ప్లంకెట్ నర్సు, మన పల్లెల్లో ‘నర్సమ్మ’ అని పిలుచుకునే ఎ.ఎన్.ఎం. ఆ మొదటి సంభాషణ సాధారణంగా రెండు నిమిషాలు మించదు. అందులో నర్సు ఏమంటుందన్న దానిమీద బిడ్డ తరువాతి మజిలీ ఆధారపడి ఉంటుంది. వైద్యచరిత్రలో పరీక్షలను కనిపెట్టిన వారి గురించి రాసినంతగా ఈ రెండు నిమిషాల గురించి రాయలేదు.

2. ‘ఏమీ కాదులే’ అన్న మాటపై తొలి విమర్శ

ఆధునిక నర్సింగ్‌కు పునాది గ్రంథంగా భావించే ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ను ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసింది. అందులో ఒక అధ్యాయం మొత్తాన్ని రోగికి పొద్దుపోక చెప్పే ఆశలను, సలహాలను విమర్శించడానికే కేటాయించింది. ప్రమాదాన్ని చిన్నదిగా చేసి చూపుతూ ధైర్యం చెప్పేవాళ్ళు తమ మనసును కుదుటపరచుకుంటున్నారే తప్ప రోగికి మేలు చేయడం లేదని ఆమె వాదన. ఆ వెంటనే వచ్చే అధ్యాయం రోగిని గమనించడం గురించి. సమాధానాన్ని తనలోనే దాచుకున్న ప్రశ్నలు అడగరాదని అక్కడ చెబుతుంది. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడిగితే పట్టిందనే చెబుతారు. ఎన్ని గంటలు పట్టింది, ఏ వేళల్లో పట్టింది అని అడిగితేనే నిజం తెలుస్తుంది.

ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఊరడింపు ఎక్కడ తొందరగా వస్తుందో అక్కడ గమనింపు ఆగిపోతుంది. ‘ఏమీ కాదులేమ్మా, అదే వస్తుంది’ అన్న మాట పలికిన క్షణం నుంచి తల్లి తరువాతి వాక్యం చెప్పదు. 1861లో శ్రామిక కుటుంబాల కోసం ఈ పుస్తకాన్ని తిరగరాసినప్పుడు పసిపిల్లల పెంపకం గురించి ఒక అధ్యాయం చేర్చింది. అది తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఎత్తుకుని తిరిగే అక్కలను ఉద్దేశించి రాసినది. బిడ్డను రోజంతా చూసేది ఎవరో ఆమెకు తెలుసు. అయితే ఆ అధ్యాయంలో అక్కలు వినేవారే. బిడ్డ గురించి వాళ్ళకు తెలిసింది ఏమిటని అడగడం అందులో లేదు. నైటింగేల్ రోగి విషయంలో నేర్పిన ప్రశ్న, తల్లి విషయంలో నర్సింగ్‌లోకి రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

3. తలుపు తట్టిన ఉపదేశం

ఇంగ్లండులో గృహసందర్శన 1862లో మాంచెస్టర్, సాల్‌ఫర్డ్ పట్టణాల్లో మొదలైంది. అక్కడి స్త్రీల పారిశుద్ధ్య సంస్కరణ సంఘం పేదవాడల్లో తిరగడానికి శ్రామికవర్గ స్త్రీలనే జీతమిచ్చి నియమించింది. శుభ్రత, గాలి, వెలుతురు, పాలసీసా కడగడం వారి పాఠాలు. 1892లో బకింగ్‌హామ్‌షైర్ ఉత్తర ప్రాంతంలో ఫ్రెడరిక్ వెర్నీతో కలిసి నైటింగేల్ గ్రామీణ ఆరోగ్య ప్రచారకులకు శిక్షణ ఏర్పాటు చేయించింది. అప్పటికి ఇంగ్లండులో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో సుమారు 150 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్నారు. బోయర్ యుద్ధానికి చేరవచ్చిన యువకుల్లో చాలామంది శారీరకంగా పనికిరారని తేలడంతో ప్రభుత్వం దేశప్రజల శారీరక క్షీణతపై సంఘం వేసింది. ఆ సంఘం నివేదిక 1904లో వచ్చింది. 1907లో జనన ప్రకటన చట్టం, 1918లో మాతా శిశు సంక్షేమ చట్టం వచ్చాయి. జననం నమోదైతే చాలు, సందర్శకురాలు తలుపు తడుతుంది.

ఈ నేపథ్యాన్ని గుర్తుంచుకుంటే ఆనాటి నర్సు తల్లి మాట ఎందుకు వినలేదో అర్థమవుతుంది. ఆమె పని బిడ్డను బతికించడం. తల్లికి తెలియదు కనుక బిడ్డ చనిపోతున్నదన్నది ఆ కాలపు పాలకవర్గం నమ్మకం. ఇరుకు ఇల్లు, తక్కువ కూలి, మురికినీరు ఆ వివరణలో వెనక్కి జరిగాయి. తెలియనిది తల్లికి అయినప్పుడు చెప్పవలసింది సందర్శకురాలు, వినవలసింది తల్లి. ఈ ధోరణికి పరాకాష్ఠ న్యూజిలాండులో కనిపిస్తుంది. 1907లో డ్యునెడిన్ నగరంలో డాక్టర్ ఫ్రెడరిక్ ట్రూబీ కింగ్ స్థాపించిన సంఘం నర్సులు, గవర్నరు భార్య లేడీ ప్లంకెట్ పేరుతో ప్లంకెట్ నర్సులుగా ప్రసిద్ధులయ్యారు. గడియారం చూసి పాలివ్వాలి, ఏడ్చినా వేళ కాకముందు ఎత్తుకోరాదు అన్నవి వారు ఇంటింటికీ మోసుకెళ్ళిన నియమాలు. బిడ్డ ఏడుపు విని తల్లికి కలిగే అలజడి కూడా అక్కడ సరిదిద్దవలసిన బలహీనతే.

అలాగని ఈ సందర్శకుల సేవను తక్కువ చేయడం సరికాదు. తల్లిపాలు, శుభ్రమైన పాలసీసా, క్రమమైన తూకం ఎందరో శిశువుల ప్రాణాలు కాపాడాయి. కాని ప్రాణం నిలిచిన బిడ్డ ఎలా ఎదుగుతోందన్న ప్రశ్న వచ్చేసరికి, ఉపదేశానికి అలవాటుపడిన ఈ వృత్తి దగ్గర తల్లిని అడిగే పద్ధతి లేదు.

4. వీపు వెనుక చప్పుడు

యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ 1911లో ప్రారంభించిన క్లినిక్‌లో పసిపిల్లల చేష్టలను వయసువారీగా నమోదు చేశారు. 1925 నాటికి ఆ పరిశీలనలు గ్రంథరూపం పొందాయి. ఏ నెలకు ఏ పని అన్న గడువు అప్పుడు శాస్త్రమైంది. ఇంగ్లండులో ఆ గడువులను సందర్శకుల సంచిలోకి చేర్చిన వారిలో డాక్టర్ మేరీ షెరిడాన్ ముఖ్యురాలు. శిశువుల వికాసక్రమంపై ఆమె రాసిన చిన్న పుస్తకాన్ని ఆ దేశ ఆరోగ్యశాఖ 1960లో ప్రచురించింది.

అయితే కొలత పేరుతో జరిగినదాన్ని దగ్గరగా చూడాలంటే వినికిడి పరీక్షను చూడాలి. మాంచెస్టర్‌లో బధిర విద్యకు జీవితం అంకితం చేసిన ఐరీన్ ఈవింగ్, అలెగ్జాండర్ ఈవింగ్ దంపతులు 1944లో పసిపిల్లల చెవుడును గుర్తించే పద్ధతిని వివరించారు. దాని ఆధారంగా రూపొందిన పరీక్ష దశాబ్దాల పాటు బ్రిటన్ హెల్త్ విజిటర్ల నిత్యకృత్యమైంది. ఏడెనిమిది నెలల బిడ్డ తల్లి ఒడిలో కూర్చుంటుంది. ఎదురుగా ఒక నర్సు బొమ్మ చూపి బిడ్డ దృష్టిని పట్టి ఉంచి, ఒక్క క్షణం ఆ బొమ్మను దాచేస్తుంది. అదే క్షణంలో వెనుక నిలిచిన రెండో నర్సు బిడ్డ చెవికి సమానమైన ఎత్తులో, సుమారు మీటరు దూరం నుంచి చిన్న చప్పుడు చేస్తుంది. కప్పు అంచున చెంచా తిప్పిన చప్పుడు కావచ్చు, గిలక కావచ్చు, పలుచని కాగితం నలిపిన చప్పుడు కావచ్చు, ‘స్‌’ అనో ‘ఊ’ అనో మెల్లగా పలకడం కావచ్చు. బిడ్డ తల తిప్పితే వినపడినట్లు.

చెప్పడానికి ఇంత సులువుగా ఉన్న ఈ పరీక్షలో పొరపాటుకు తావు చాలా ఉంది. వెనుక నర్సు నీడ గోడమీద పడితే బిడ్డ తిరుగుతుంది. ఆమె పూసుకున్న అత్తరు వాసనకూ తిరగవచ్చు. చప్పుడు విన్న తల్లి ఒళ్ళు కాస్త కదిలితే ఒడిలోని బిడ్డకు అది సంకేతమవుతుంది. వినలేని బిడ్డ చూపుతోనూ స్పర్శతోనూ ప్రపంచాన్ని చదవడంలో ఎంత చురుకుదనం చూపుతుందో ఈ పొరపాట్లే చెబుతాయి. తిరగని బిడ్డ విషయంలోనూ జలుబు చేసిందనో, నిద్రమత్తులో ఉందనో కొన్ని వారాల తరువాత మళ్ళీ రమ్మనేవారు. ఆ వారాలు నెలలయ్యేవి.

ఈ పరీక్షలో తల్లి ఉంది, కాని ఆమె ఒడి మాత్రమే ఉపయోగపడింది. ఆరు నెలలుగా తలుపు చప్పుడుకూ, గిన్నె పడిన చప్పుడుకూ, తండ్రి గొంతుకూ బిడ్డ ఎలా స్పందిస్తోందో చూసిన మనిషిని కదలకుండా కూర్చోమన్నారు. పరీక్షలో నెగ్గిందన్న ఫలితం ఒకసారి నమోదైతే, తల్లి తరువాత తెచ్చే అనుమానానికి ఆ ఫలితమే అడ్డుగోడ అయ్యేది. 1980ల్లో నాటింగ్‌హామ్‌లో బారీ మెకార్మిక్ ఏ వయసుకు బిడ్డ ఏ చప్పుడుకు ఎలా స్పందించాలో చెప్పే చిన్న జాబితాను తల్లిదండ్రుల చేతికే అందించే పద్ధతి తెచ్చాడు. చూడడానికి చిన్న కాగితమే. కాని ఒడి ఇచ్చిన మనిషికి అది కళ్ళూ చెవులూ కూడా ఉన్నాయని ఒప్పుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తల్లికి అన్నీ తెలుసు అనడం కూడా సరికాదు. తల్లిదండ్రులు ఏమాత్రం అనుమానించని వినికిడి లోపాలు, ముఖ్యంగా పాక్షికమైనవి, చాలా ఉన్నాయని ఆ తరువాతి పరిశీలనలు చూపాయి. ఇంగ్లండులో 2001 నుంచి దశలవారీగా వచ్చి 2006 నాటికి దేశమంతటా అమలైన నవజాత శిశువుల వినికిడి పరీక్ష, నర్సు చప్పుడునూ తల్లి అనుమానాన్నీ దాటి యంత్రాన్ని ముందుకు తెచ్చింది. వినికిడి విషయంలో అది న్యాయమైన పరిష్కారమే. మాటకూ, నడకకూ, తోటివారితో మెలగడానికీ అటువంటి యంత్రం లేదు.

5. 1967

అమెరికాలో ఈ సంవత్సరానికి ఒక విచిత్రమైన ప్రాధాన్యం ఉంది. విలియం ఫ్రాంకెన్‌బర్గ్, జొసయా డాడ్స్ కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరంలో 1,036 మంది పిల్లలను పరీక్షించి 105 అంశాలతో తయారుచేసిన డెన్వర్ వికాస పరీక్షను ఆ ఏడు ప్రకటించారు. పెద్ద కదలికలు, చేతివేళ్ళ నేర్పు, భాష, నలుగురితో మెలగడం అన్నవి అందులోని నాలుగు భాగాలు. ఒక్కో పనిని నూటికి 25, 50, 75, 90 మంది పిల్లలు ఏ వయసుకు చేస్తారో ఒక పట్టీమీద గీసి చూపారు. బిడ్డ వయసు దగ్గర నిలువుగీత గీస్తే చాలు, ఆ గీతకు ఎడమవైపు ఉండిపోయిన పట్టీలు కనిపిస్తాయి. మనస్తత్వశాస్త్రంలో ప్రత్యేక శిక్షణ లేనివారు కూడా వాడగలగడం దీని ఉద్దేశం. ప్రజారోగ్య నర్సులు దీన్ని విస్తృతంగా వాడారు.

గెసెల్ గడువు ఒక సగటు. డెన్వర్ పట్టీలో గడువుకు వెడల్పు వచ్చింది. నూటికి 90 మంది చేసే పని చేయకపోతేనే ఆందోళన పడాలని, 50 మంది చేసేది చేయకపోతే పడనక్కరలేదని నర్సు ఇప్పుడు తల్లికి కాగితం మీద చూపగలదు. ‘ఏమీ కాదులేమ్మా’ అన్న మాటకు మొదటిసారి ఒక ఆధారం దొరికింది. కొన్ని పట్టీల మీద ‘ఆర్’ అన్న అక్షరం ఉంటుంది. ఆ పనిని బిడ్డ నర్సు ఎదుట చేయకపోయినా తల్లి చెబితే చేసినట్లే లెక్క. తల్లి మాటకు పట్టికలో దొరికిన తొలి చోటు ఆ అక్షరం. అది కూడా పట్టిక అడిగినదానికి జవాబుగా మాత్రమే. పట్టిక అడగనిది ఆమెకు తెలిస్తే దాన్ని రాయడానికి చోటు లేదు. తేలికపాటి జాప్యం ఉన్న పిల్లలను ఈ పరీక్ష వదిలేస్తోందని విమర్శలు వచ్చాయి. 1992లో 125 అంశాలతో సవరించిన రూపం వచ్చాక, అవసరం లేని పిల్లలనూ పట్టుకుంటోందన్న విమర్శ వచ్చింది.

అదే 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ఆటిజంపై రాసిన ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’ వెలువడింది. బిడ్డ తనలోకి ముడుచుకుపోవడానికి కారణం తల్లి నిరాదరణే అన్న భావనకు ఆ పుస్తకం విస్తృత ప్రచారం కల్పించింది. ఆటిజాన్ని వర్ణించిన తొలి వైద్యపత్రాల్లో ఒకటి, 1943లో లియో కానర్ రాసినది, ఒక తండ్రి తన కొడుకు గురించి టైపుచేసి పంపిన ముప్పైమూడు పుటల ఉత్తరానికి ఎంతో రుణపడి ఉంది. తల్లిదండ్రుల సునిశిత గమనింపుతో పుట్టిన శాస్త్రం ఇరవై ఏళ్ళలో తల్లిదండ్రులనే నేరస్థులుగా నిలబెట్టింది. ఇటువంటి వాతావరణంలో, బిడ్డ కళ్ళలోకి చూడడం లేదని నర్సుకు చెప్పాలంటే తల్లికి ఎంత సాహసం కావాలో ఊహించవచ్చు. ఆ మాట ఆమెమీదనే అభియోగంగా మారుతుంది.

1970ల్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కాథరిన్ బర్నార్డ్ చేసిన కృషిని ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఈ వ్యాసంలో ప్రస్తావించిన పరీక్షల రూపకర్తలు ఎక్కువమంది వైద్యులూ మనస్తత్వశాస్త్రజ్ఞులూ. బర్నార్డ్ స్వయంగా నర్సు. పాలిచ్చేటప్పుడు, ఏదైనా నేర్పేటప్పుడు తల్లీ బిడ్డా ఒకరి సంకేతాలను మరొకరు ఎలా అందుకుంటున్నారో గమనించే కొలమానాలను ఆమె రూపొందించి నర్సులకు శిక్షణ ఇచ్చింది. బిడ్డను విడిగా బల్లమీద పడుకోబెట్టి కొలవడం నుంచి తల్లీబిడ్డలను కలిపి చూడడానికి ఇది మలుపు. తల్లిని నిందించకుండా ఆమెను చిత్రంలోకి తేవచ్చని ఒక నర్సు చూపింది.

6. ప్రశ్న దిశ మారడం

1989లో బ్రిటన్‌లో డేవిడ్ హాల్ ఆధ్వర్యంలోని నిపుణుల బృందం పిల్లల ఆరోగ్య పరీక్షలన్నిటినీ సమీక్షించింది. నిర్ణీత వయసుల్లో అందరు పిల్లలకూ వికాస పరీక్షలు చేయడం వల్ల ప్రయోజనం రుజువు కాలేదని, తల్లిదండ్రుల ఆందోళనను శ్రద్ధగా వినడం అంతకంటె మేలని ఆ ఆలోచనాధార సారం. దాదాపు అదే కాలంలో బిడ్డ ఆరోగ్య పుస్తకం క్లినిక్ బీరువాలోంచి తల్లి చేతికి వచ్చింది. ఎర్ర అట్ట వల్ల అక్కడివారు దాన్ని ఎర్ర పుస్తకం అంటారు. రికార్డు ఎవరి దగ్గర ఉంటుందన్నది చిన్న విషయం కాదు. రాసినదాన్ని చదవగలిగిన తల్లి రాయనిదాన్ని కూడా గుర్తించగలదు.

అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లాస్కో ఈ ఆలోచనకు పద్ధతి కల్పించింది. 1997లో ప్రచురితమైన ఆమె సాధనంలో ఉన్నవి పది ప్రశ్నలు. బిడ్డ చేత ఏ పనీ చేయించనక్కరలేదు. బిడ్డ నేర్చుకోవడం, ఎదగడం, ప్రవర్తన విషయంలో మీకు ఏమైనా ఆందోళన ఉందా అన్న ధోరణిలో మొదటి ప్రశ్న ఉంటుంది. తరువాతివి మాట, వినడం, చేతులు, కాళ్ళు అంటూ విడివిడిగా అడుగుతాయి. చెప్పిన ఆందోళనలన్నీ సమానం కావు. ఏ వయసులో ఏ రకం ఆందోళన నిజమైన జాప్యాన్ని సూచిస్తుంది, ఏది సూచించదు అన్న వర్గీకరణ ఈ సాధనానికి ప్రాణం. బిడ్డ అల్లరి గురించిన ఆందోళనకూ, బిడ్డకు మాట అర్థం కావడం లేదన్న ఆందోళనకూ నర్సు స్పందన ఒకటి కాదు. మొదటిదానికి సలహా చాలవచ్చు. రెండోదానికి పరీక్ష కావాలి. సలహా, నిరీక్షణ, మరో పరీక్ష, నిపుణుల వద్దకు పంపడం అన్న నాలుగు దారుల్లో ఏది ఎప్పుడు అన్న వివేకం ఈ విధంగా నర్సు చేతికి వచ్చింది.

నైటింగేల్ 1859లో నిద్ర గురించి నేర్పిన ప్రశ్నకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. బిడ్డ బాగుందా అని అడిగితే బాగుందనే చెబుతారు.

7. మన నర్సమ్మ

భారతదేశంలో ఆరోగ్య సందర్శకుల శిక్షణ ఇంగ్లండు నమూనాలోనే వచ్చింది. 1918లో ఢిల్లీలో ప్రారంభమై తరువాత లేడీ రీడింగ్ పేరుతో ప్రసిద్ధమైన పాఠశాల దానికి తొలి కేంద్రాల్లో ఒకటి. వచ్చిన నమూనా ఉపదేశపు నమూనా. దానికి ఇక్కడ మరో దూరం తోడైంది. సందర్శకురాలు తరచుగా తల్లి భాష, కులం, ఊరు కానిది. 1946లో భోర్ సంఘం నివేదిక, 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాక ఆ దూరం కొంత తగ్గింది. స్థానిక భాష మాట్లాడే ఎ.ఎన్.ఎం. రంగంలోకి వచ్చింది. ఆమె మొదట ప్రసూతి సహాయకురాలు. 1973లో కర్తార్ సింగ్ సంఘం ఆమెను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మార్చాలని సిఫారసు చేసింది. ఆ బహుళార్థాల్లో కుటుంబ నియంత్రణ లక్ష్యాలు 1996 వరకూ అన్నిటినీ మింగివేశాయి. 1985 నుంచి సార్వత్రిక టీకాల కార్యక్రమం తోడైంది. పల్లెల్లో ఆమెను చూసిన పిల్లలు ‘సూదమ్మ’ వచ్చిందని పారిపోవడం ఈ చరిత్రకు సంక్షిప్త రూపం.

శిశువికాసం పేరును నేరుగా మోసే పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. దీన్ని మనం ఐ.సి.డి.ఎస్., వాడుకలో అంగన్‌వాడీ అంటాం. పేరులో వికాసం ఉన్నా, ఆనాటి తక్షణ శత్రువు పోషకాహార లోపం కనుక తూకమూ, ఆహారమూ కేంద్రస్థానంలోకి వచ్చాయి. బరువు పడిపోతే కార్డుమీద గీత కిందికి దిగుతుంది, టీచరు గమనిస్తుంది. మాట రాకపోతే ఏ గీతా కదలదు.

భారతీయ శిశువులకు తగిన ప్రమాణాల కోసం కృషి జరగలేదని కాదు. బరోడాలో ప్రమీలా ఫాటక్ బృందం భారతీయ శిశువుల వికాస ప్రమాణాలను రూపొందించింది. వాటిలోంచి 17 అంశాలు ఎంచుకుని తిరువనంతపురంలో ఎం.కె.సి. నాయర్, సహచరులు రెండేళ్ళ లోపు పిల్లల కోసం ఒక పట్టికను 1991లో ప్రచురించారు. పెన్సిలును వయసు దగ్గర నిలువుగా ఆనించి చూస్తే ఎడమవైపు మిగిలిన పనులు కనిపిస్తాయి. ఐదు నుంచి ఏడు నిమిషాల పని. డెన్వర్ గీతను ఆరోగ్య కార్యకర్త జేబులో పట్టేటట్లు చేయడం నాయర్ బృందం సాధించిన ఘనత. అంతకుముందు 1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ ఏర్పడింది. తెలుగు కుటుంబాలకు ఇది చేరువలో దొరికిన పెద్ద ఆసరా. కాని అక్కడికి వెళ్ళాలని తల్లికి చెప్పవలసింది ముందు ఊరి నర్సమ్మే.

2013 ఫిబ్రవరి 6న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ చరిత్రలో అతి పెద్ద అడుగు. పుట్టుకతో వచ్చిన లోపాలు, వ్యాధులు, పోషక లోపాలు, వికాస జాప్యాలు అన్న నాలుగు వర్గాల్లో 30 స్థితుల కోసం పిల్లలను పరీక్షించడం దీని లక్ష్యం. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఎ.ఎన్.ఎం. లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉన్న సంచార బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, పాఠశాలలకు ఒకసారి వెళుతుంది. అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. ఇందులో నర్సుకు వికాస పరీక్ష మొదటిసారి అధికారిక విధిగా వచ్చింది. కాని వాటిలో అడిగేవి ప్రధానంగా బిడ్డ ఏ వయసుకు ఏమి చేయగలుగుతోందన్న ప్రశ్నలు. బృందం వచ్చిన రోజున పరీక్ష జరుగుతుంది. తల్లికి ఆందోళన పుట్టిన రోజు వేరే.

ఆ రోజు ఎప్పుడన్నది కొంతవరకు ఊహించదగినదే. నడక గురించిన బెంగ సాధారణంగా ఏడాది దాటాక, మాట గురించిన బెంగ ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ మధ్య వస్తుంది. ఇప్పుడు మన వ్యవస్థలో తల్లీ, ఆరోగ్య కార్యకర్తా కలిసే రోజులను ఈ లెక్క పక్కన పెట్టి చూద్దాం. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3వ రోజు మొదలుకొని 42వ రోజు వరకు ఆరుసార్లు వస్తుంది. 2018లో మొదలైన పథకం కింద 3, 6, 9, 12, 15 నెలల్లో మరో ఐదుసార్లు వస్తుంది. ఈ ఐదు సందర్శనల్లో బిడ్డతో ఆడటం, మాట్లాడటం గురించి చెప్పడం, మాతాశిశు రక్షణ కార్డులోని వికాసపు బొమ్మలను తల్లికి చూపడం కూడా ఉన్నాయి. ఉద్దేశం మంచిది. కాని చివరి సందర్శన 15వ నెలతో ముగుస్తుంది. అంటే మాట గురించిన బెంగ మొదలయ్యే ముందే ఇంటికి వచ్చే మనిషి రావడం మానేస్తుంది.

ఆ తరువాత నర్సమ్మ చేతికి బిడ్డ తప్పనిసరిగా అందేది 16 నుంచి 24 నెలల మధ్య వేసే బూస్టరు టీకాల రోజున. ఆ పైన టీకా కోసం రావలసింది మళ్ళీ ఐదేళ్ళు నిండాకనే. ఆరు నెలలకొకసారి వేసే విటమిన్ ‘ఎ’ మందు ఉన్నా, అది చెంచాతో నోట్లో పోసి పంపేసే పని. మూడేళ్ళకు అంగన్‌వాడీలో చేరే పిల్లలను టీచరు చూస్తుంది. ప్రైవేటు ప్లేస్కూలుకు వెళ్ళేవారిని, ఇంట్లోనే ఉండిపోయేవారిని, వలస కుటుంబాల పిల్లలను ఆమె కూడా చూడదు. కనుక మాట రాని బిడ్డ తల్లికి శిక్షణ పొందిన నర్సుతో మాట్లాడే ఖాయమైన అవకాశం ఆ ఒక్క బూస్టరు రోజే.

ఆ రోజు ఉపకేంద్రంలో జరిగేది తెలిసిందే. వరుసలో ఇరవైమంది తల్లులు, ఏడుస్తున్న పిల్లలు, మంచుపెట్టెలో కరుగుతున్న ఐస్‌ప్యాకులు, నింపవలసిన రిజిస్టరు, ఆపైన ఫోనులో ఎక్కించవలసిన వివరాలు. సూది వేశాక చెప్పవలసిన మాటలు కూడా శిక్షణలో నేర్పినవే. ఏ టీకా వేశారు, దేనికి రక్ష, జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. నాలుగైదు వాక్యాల్లో అయిపోయే ఈ మాటల్లో తల్లిని అడిగే వాక్యం ఒక్కటీ లేదు. గ్లాస్కో మొదటి ప్రశ్నకు తెలుగులో పట్టే కాలం పది సెకన్లు. ‘బిడ్డ గురించి నీకేమన్నా బెంగగా ఉందామ్మా?’ అన్నది రిజిస్టరులో ఒక గడి అయితే, ‘ఉంది’ అన్న జవాబు పక్కన ఏం చేశారో రాయవలసి వస్తుంది. ఆ గడి లేకపోవడం వల్ల, చెప్పినదాన్ని విన్న నర్సమ్మకూ విననట్లు ఊరుకున్న నర్సమ్మకూ కాగితం మీద తేడా కనిపించదు. మంచి నర్సమ్మ తన సొంత నోటుబుక్కులో రాసుకుంటుంది, వచ్చే నెల ఆ ఇంటివైపు వెళ్ళినప్పుడు ఆగి చూస్తుంది. ఆమె బదిలీ అయినప్పుడు ఆ నోటుబుక్కు కూడా ఆమె వెంటే వెళ్ళిపోతుంది.